బండలకూ జంపఖానాలకూ ఒకే మెషిన్: మా వరంగల్ ఇంటి ప్రాజెక్టు డైరీ

డిసెంబర్, పత్తి బండ్ల రోజులు

మా ఇంట్లో నేల ఒక్క తీరుగా లేదు. కింద పాత భాగమంతా షాబాద్ బండలు. పైన తర్వాత కట్టిన గదుల్లో విట్రిఫైడ్ టైల్స్. ముందు గదిలో బండల మీద కొత్తవాడలో నేసిన పెద్ద జంపఖానా, పడకగదుల్లో చిన్నవి. పై హాల్లో మామయ్య వాళ్ల కాలం నాటి ఉన్ని తివాచీ ఒకటుంది. వేలు పెడితే గోరు మునిగేంత బొచ్చు దానిది. వీటన్నిటికీ కలిపి ఒకే వ్యాక్యూమ్ క్లీనర్ కొనాలి. బడ్జెట్ పదిహేను వేలు. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వాడాలి కాబట్టి తొందరపడకుండా, చూసింది చూసినట్టు రాసిపెట్టుకుంటున్నాను.

కొనడానికి కారణం అత్తమ్మ. ఆమెకు ఆస్తమా. ఇల్లు ఊడ్చినంత సేపూ బయట వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, లోపలికి వచ్చాక కూడా దగ్గు ఆగదు. మా ఇల్లు ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోడ్డుకు దగ్గర. దసరా దాటిందంటే పత్తి బండ్లు, సంక్రాంతి దాటిందంటే మిర్చి బండ్లు. కిటికీ జాలీలకు తెల్లటి నూగు పట్టేస్తుంది. చీపురు పెడితే ఆ నూగు కొంత ఉండ కడుతుంది, కొంత గాల్లోకి లేచి మళ్లీ జంపఖానా మీదే దిగుతుంది. ఊడ్చిన తర్వాత ఎండ పడే కిటికీ దగ్గర నిలబడితే ఎంత లేచిందో కళ్లకు కనిపిస్తుంది.

టేపు పెట్టి కొలిచాను. ముప్పావు వంతు కంటే ఎక్కువ గట్టి నేలే. మిగిలిన దాంట్లో చాలావరకు జంపఖానాలు. బొచ్చు ఉన్నది ఆ ఒక్క తివాచీకే. ఈ లెక్క ముందే తేలడం మంచిదయింది. ఎందుకంటే వ్యాక్యూమ్ క్లీనర్ల గురించి దొరికే సలహాలు చాలావరకు గోడ నుంచి గోడకు కార్పెట్ పరుచుకునే చలి దేశాల ఇళ్లను చూసి చెప్పినవి. ఆ యంత్రం పుట్టిందే అక్కడ. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ తయారుచేసిన పెద్ద యంత్రం గుర్రబ్బండి మీద వీధిలోనే నిలబడేది. పొడవాటి పైపులు కిటికీల్లోంచి లోపలికి పంపి కార్పెట్ల దుమ్ము లాగేవాళ్లు. అమెరికాలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఆయనకూ ఆస్తమాయే. ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు, కింద తిరిగే బ్రష్ కలిపి సొంతంగా ఒకటి చేసుకుని 1908లో పేటెంట్ తీసుకున్నాడు. హూవర్ కంపెనీ మొదలైంది దాంతోనే. తిరిగే బ్రష్ అప్పటి నుంచీ బొచ్చు కార్పెట్ కోసం ఉన్నది. మా ఇంట్లో దాని అవసరం పదో వంతు కూడా లేదు.

ముందు గది జంపఖానా ఎత్తి చూశాం. కింద బండ మీద సన్నటి ఇసుక, పైన పేక (అడ్డపోగు) ఎట్లా ఉందో అట్లాగే గీతలు గీతలుగా పడి ఉంది. బొచ్చు లేని నేత కదా, దుమ్ము లోపల ఆగదు. పోగుల సందుల్లోంచి కిందికి జారిపోతుంది. పైన ఎంత శుభ్రంగా కనిపించినా, మనం నడిచిన ప్రతిసారీ ఆ ఇసుక బండకూ నూలుకూ మధ్య నలుగుతుంది. తలుపుకు ఎదురుగా, అడుగు ఎక్కువ పడే చోట నూలు పలచబడింది అందుకే. అంటే మాకు కావాల్సిన మెషిన్ జంపఖానా పైభాగాన్నీ, అడుగు భాగాన్నీ, కింది బండనూ మూడింటినీ చూడగలగాలి.

కొత్తవాడకు పోయి అడిగాం

షాపుకు పోయే ముందు నేసేవాళ్లనే అడుగుదామని కొత్తవాడకు పోయాం. వరంగల్ తివాచీలకు పెద్ద చరిత్ర ఉంది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఇక్కడి తివాచీలు పెట్టారు. బొచ్చు తివాచీల నేత తగ్గిపోయినా దర్రీల (జంపఖానాల) నేత నిలబడింది. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మా ఇంట్లో ఉన్నవి ఆ నేతవే కాబట్టి వాటికి ఏది పడుతుందో చెప్పాల్సింది సేల్స్‌మన్ కాదు, మగ్గం మీద కూర్చున్న మనిషి.

మగ్గం దగ్గర ఒక పెద్దాయన దొరికాడు. మేం అడిగింది విని, పక్కన ఉన్న ముక్క ఒకటి చేతికి ఇచ్చి గోటితో గీకి చూపించాడు. రెండు మూడు సార్లు గీకేసరికి పైన సన్నటి నూగు లేచింది.

“దీనికి బొచ్చు లేదు బిడ్డా. పడుగు మీద పేక వేసి బిగ్గ కొట్టినం, అంతే. గుంజే మిషిన్ అయితే పెట్టుకో, ఏం కాదు. గీకే మిషిన్ మాత్రం వద్దు. గీకితే పోగు లేస్తది. లేచిన పోగు మళ్ల కూసోదు.”

“అంచులకు కుచ్చులున్నయి కద కాకా, అవి పైపులోకి పోతయా?” అని మా ఆయన అడిగాడు.

“పోతే పోయినయి, పైపు తీస్తే వస్తయి. తిరిగే బ్రష్షుకు చుట్టుకున్నయంటే ముడి ఊడుతది. ముడి ఊడితే పేక జారుడే. కుచ్చుల మీదికి పోకు, కుచ్చుల దిక్కే గుంజు.”

తడి గురించి కూడా హెచ్చరించాడు. ముదురు ఎరుపు పక్కనే తెల్ల చార ఉన్న జంపఖానాను నానబెడితే రంగు దిగే ప్రమాదం ఉంటుందట. అంటే ఊడుస్తూనే తడి గుడ్డ పెట్టే రెండు పనుల మెషిన్లు జంపఖానాల మీదికి పనికిరావు. ఆయన ఇచ్చిన ముక్కను అడిగి కొనుక్కున్నాను. షాపుల్లో పరీక్ష పెట్టడానికి అదే వాడాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మెషిన్లన్నిటికీ రెండే జాతులు: గుంజేవి, గీకేవి. గుంజే మెషిన్ కొని, తివాచీ ఒక్కదాని కోసం గీకే మూతి విడిగా తీసుకోవాలి అన్నది అప్పుడే దాదాపు తేలిపోయింది. మిగిలింది ఏ గుంజే మెషిన్ అన్నది.

డబ్బా మీది అంకెలు

హనుమకొండ చౌరస్తాలో షాపులు తిరిగేటప్పుడు మొదట చెప్పే మాట వాట్లు. “అక్కా, ఇది రెండు వేల వాట్స్, దీన్ని మించింది లేదు” అని. వాట్లు మోటారు తినే కరెంటు సంగతి చెబుతాయి, నేల మీద ఎంత లాగుతుందో చెప్పవు. యూరప్‌లో 2014లో ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్లకు 1600 వాట్లు దాటొద్దని, 2017 సెప్టెంబర్ నుంచి 900 వాట్లకు మించొద్దని నిబంధన పెట్టారు. అక్కడి ఇళ్లల్లో కార్పెట్లు మనకంటే ఎక్కువ. 900 వాట్లతో అవి శుభ్రం అవుతున్నప్పుడు మా షాబాద్ బండలకు రెండు వేలు దేనికి?

పెద్ద మోటారుకు ఇంకో చిక్కు ఉంది. 230 వోల్టుల దగ్గర 1600 వాట్లు అంటే దాదాపు 7 ఆంపియర్లు. మా పాత గదుల్లో ఉన్నవి 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గులు. గీజర్ పెట్టే పెద్ద ప్లగ్గు బాత్రూమ్ దగ్గర ఒక్కటే ఉంది. అక్కడి నుంచి ఎక్స్‌టెన్షన్ లాగి ముందు గదిదాకా తేవడం నాకు టెన్షన్. 1200 వాట్లది అయితే 5 ఆంపియర్ల చిల్లరతో సరిపోతుంది, ఏ గదిలో ప్లగ్గు ఆ గదిలోనే. అరగంట నడిస్తే 0.6 యూనిట్. అందుకే 1200 దాటొద్దని గీత గీసుకున్నాను.

రెండో అంకె పాస్కల్స్. చీపురులా నిలబడి పట్టుకుని నడిపే కొత్త రకం కర్ర మెషిన్ల డబ్బాల మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఇది పైపు మూతి పూర్తిగా మూసేసినప్పటి లాగుడు. అప్పుడు లోపల గాలి కదలదు, గాలి కదలకపోతే దుమ్మూ కదలదు. మూతి తెరిచి నేల మీద పెట్టాక ఎంత గాలి పారుతుందన్నదీ అంతే ముఖ్యం. లాగుడును గాలి పారుదలతో గుణిస్తే వచ్చేదే ఎయిర్ వాట్లు. సెకనుకు ఒక లీటర్ గాలి, 1000 పాస్కల్స్ లాగుడుతో పారితే ఒక ఎయిర్ వాట్. ఈ అంకె ఏ డబ్బా మీద ఉంటే ఆ కంపెనీని కొంచెం ఎక్కువ నమ్మాను. చాలా డబ్బాల మీద అది లేదు.

మూడోది, అత్తమ్మ కోసం నేను అన్నిటికంటే ఎక్కువ పట్టించుకున్నది, వెనక నుంచి వచ్చే గాలి. హెపా ఫిల్టర్, అంటే చాలా సన్నటి కణాల్ని ఆపేది, అని అందరూ రాస్తారు. అందులో హెచ్13 తరగతి అయితే ఫిల్టర్‌కు పట్టుబడటం అన్నిటికంటే కష్టమైన సైజు కణాల్లో కూడా 99.95 శాతం ఆపాలి. కానీ ఫిల్టర్ ఎంత మంచిదైనా, దాని చుట్టూ ఉన్న రబ్బరు వాషర్ సరిగా కూర్చోకపోతే గాలి ఫిల్టర్‌లోంచి పోకుండా పక్క సందుల్లోంచి పోతుంది. దాన్ని కాగితం మీద చూసి తెలుసుకోలేం, నడిపి చూడాల్సిందే.

అడిగి తెచ్చుకున్నవి, అడిగి చూసినవి

సంక్రాంతి సెలవుల్లో బంధువుల ఇళ్లల్లో ఉన్నవన్నీ వాడి చూశాం.

వదినె దగ్గర వైరు లేని కర్ర మెషిన్ ఉంది. టైల్స్ మీద దాని మెత్తటి రోలర్ చాలా బాగా పనిచేసింది. బియ్యపు గింజలు, వెంట్రుకలు, సన్న దుమ్ము అన్నీ ఒక్క పోతలో. పైగా తేలిక, అత్తమ్మ కూడా పట్టుకోగలదు. కానీ బ్యాటరీ లెక్క చూస్తే 25.2 వోల్టులు, 2.5 ఆంపియర్ అవర్లు, అంటే 63 వాట్ అవర్లు. మోటారును 400 వాట్ల పూర్తి బలంతో నడిపితే తొమ్మిది నిమిషాల చిల్లర. తక్కువ బలంతో అరగంట వస్తుంది కానీ ఆ బలంతో జంపఖానా అడుగున ఉన్న ఇసుక కదలలేదు. ఒక్క టైల్స్ ఇల్లు, ఇద్దరు మనుషులు ఉంటే నేను ఇదే కొనమంటాను. మే నెలలో మా మేడ గదుల వేడికి బ్యాటరీ ఎన్నేళ్లు ఆగుతుందన్న బెంగ కూడా ఉంది. లిథియం బ్యాటరీలకు వేడి పడదు.

కాజీపేటలో తమ్ముడి ఇంట్లో రోబో ఉంది. దివాన్ కింద, బీరువా కింద అది దూరి చేసే పని ఏ మనిషీ రోజూ చేయడు, ఆ మెచ్చుకోలు దానికి ఇవ్వాలి. మా ఇంటికి తెచ్చి వదిలితే మొదటి గదిలోనే ఆగిపోయింది. ఇలాంటివి చాలావరకు రెండు సెంటీమీటర్ల ఎత్తు వరకే ఎక్కుతాయి. మా గడపలు పాతకాలం టేకు గడపలు, అరచేయి వెడల్పంత ఎత్తు. ప్రతి గదికీ ఎత్తుకుని తీసుకుపోవాలి. జంపఖానా కుచ్చుల దగ్గర పక్క బ్రష్ చుట్టుకుని నిలబడిపోయింది. ఒక్కో పోగు విప్పుతుంటే కొత్తవాడ పెద్దాయన చెప్పింది కళ్లముందు కనిపించింది.

ఎదురింటి అన్న దగ్గర తడి పొడి రెండూ లాగే డ్రమ్ము మెషిన్ ఉంది. లాగుడు బ్రహ్మాండం. బండల సందుల్లో ఏళ్ల నాటి మట్టి కూడా వచ్చింది. వర్క్‌షాపుకు, కారుకు అది సరైన మెషిన్. కానీ దాని గుడ్డ ఫిల్టర్ సన్న దుమ్మును ఆపదు. వెనక నుంచి వచ్చే గాలి గదిలో దుమ్ము వాసన నింపేసింది. అత్తమ్మ ఉన్న ఇంట్లో దానికి చోటు లేదు.

షాపులో పరీక్ష

జల్లెడ పట్టిన సన్న ఇసుక 50 గ్రాములు ఒక సీసాలో, కొత్తవాడ ముక్క, వంటింటి త్రాసు, చిటికెడు కారం పొట్లం. ఇవి తీసుకుని షాపుకు పోయాం. ముందు వాళ్లు ఒప్పుకోరేమో అనుకున్నాం. ఇంట్లో పెద్దావిడకు ఆస్తమా, చూసే కొంటాం అని నెమ్మదిగా చెప్తే ఓనర్ స్వయంగా వచ్చి ఒక మూల ఖాళీ చేయించాడు. మనం మర్యాదగా అడిగితే చాలా షాపుల్లో కాదనరు. మీరూ అడగండి.

ఇసుకను జంపఖానా ముక్క మీద చల్లి, చెప్పుతో నాలుగు సార్లు తొక్కి, అప్పుడు లాగించాలి. ఊరికే పైన చల్లి లాగితే అన్ని మెషిన్లూ పాసవుతాయి. తొక్కితే ఇసుక సందుల్లోకి దిగుతుంది, అసలు తేడా అప్పుడు తెలుస్తుంది. లాగిన తర్వాత ముక్కను కాగితం మీద బోర్లించి తడితే ఎంత మిగిలిందో రాలుతుంది. దాన్ని తూచాలి.

గట్టి నేల మీద తేడా మూతిలో ఉంది, మోటారులో కాదు. ఒక మెషిన్ మూతికి ముందువైపు అంచు నేలకు పూర్తిగా అంటుకుని ఉంది. ఇసుకనైతే లాగింది కానీ బియ్యపు గింజల్ని చీపురులా ముందుకు తోసుకుపోయింది. ఇంకోదానికి ముందువైపు చిన్న చిన్న గండ్లు విడిచిపెట్టారు, గింజలు వాటిలోంచి లోపలికి పోయాయి. కాలితో నొక్కితే కింద మెత్తటి బ్రష్ దిగడం, మళ్లీ నొక్కితే పైకి పోవడం కూడా దానికి ఉంది. బండల మీద బ్రష్ దించాలి, లేకపోతే ప్లాస్టిక్ మూతి ఇసుక మీద రాసుకుని టైల్స్ మెరుపు పోతుంది. జంపఖానా మీదికి వచ్చినప్పుడు బ్రష్ ఎత్తేయాలి. ఈ ఒక్క తొక్కుడు మీట మా ఇంటికి రెండు వేల వాట్ల కంటే విలువైనది.

బలం ఎక్కువైనా ఇబ్బందే. పెద్ద మోటారు మెషిన్ పెట్టగానే జంపఖానా ముక్క మొత్తం లేచి మూతికి అతుక్కుంది. కాలితో తొక్కి పట్టినా ముడతలు పడింది. పిడి దగ్గర గాలి వదిలే చిన్న జారుడు మూత ఉంటే దాన్ని సగం తెరిచి లాగుడు తగ్గించుకోవచ్చు. చేతి కింద ఉండే ఈ మూత లేని మెషిన్ జంపఖానాల ఇంటికి వద్దు.

చివరిది కారం పరీక్ష. చిటికెడు కారం కాగితం మీద పోసి లాగించి, నేను వెనక గాలి వచ్చే జాలీ దగ్గర కూర్చున్నాను. సంచి లేని, డబ్బాలో దుమ్ము తిప్పే చవక మెషిన్ వెనక క్షణంలో తుమ్ములు. షాపు పిల్లగాడికి కూడా దగ్గు వచ్చింది. రెండు పొరల సంచి, వెనక హెచ్13 ఫిల్టర్, చుట్టూ రబ్బరు బిగింపు ఉన్న మెషిన్ దగ్గర ఏమీ తెలియలేదు. చిటికెడు చాలు, అంతకంటే పోయొద్దు. సన్న పొడి ఎక్కువైతే ఫిల్టర్ పూడిపోతుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పరీక్ష దగ్గర నిలబడకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

సంచి కావాలా డబ్బా కావాలా అన్నది కూడా అక్కడే తేలింది. డబ్బా రకానికి సంచుల ఖర్చు లేదు, నిజమే. కానీ నిండిన ప్రతిసారీ దాన్ని చెత్తబుట్టలో గుమ్మరించాలి. లాగిన దుమ్ములో సగం ఆ నిమిషంలో మళ్లీ ముఖం మీదికి లేస్తుంది. లోపలి ఫిల్టర్ కడిగితే పూర్తిగా ఆరేదాకా వాడకూడదు. వానాకాలంలో మా ఇంట్లో బట్టలే రెండు రోజులు ఆరవు. సంచి అయితే మూతి మూసుకుని తీసి పారేయడమే. సంచులు వరంగల్లోనే దొరుకుతాయా, సర్వీస్ సెంటర్ ఇక్కడే ఉందా అని కనుక్కుని, ఒక ప్యాకెట్ సంచులు అప్పుడే కొన్నాను.

మొత్తానికి తీసుకున్నది సంచి ఉన్న 1200 వాట్ల మెషిన్, వెనక చక్రాలు, పొడవాటి పైపు. తివాచీ కోసం గాలికి తిరిగే టర్బో బ్రష్ మూతి విడిగా. సొంత మోటారున్న బ్రష్ ఇంకా మంచిదే, బొచ్చులో అది నెమ్మదించదు. ఒక్క తివాచీ కోసం అంత డబ్బు పెట్టాల్సిన పనిలేదనిపించింది.

జాతర వారం

మేడారం జాతర వచ్చింది. కరీంనగర్ నుంచి, పెద్దపల్లి నుంచి బంధువులు పోయేటప్పుడు ఒక పూట, వచ్చేటప్పుడు ఒక రాత్రి మా ఇంట్లో ఆగారు. జంపన్న వాగులో స్నానం చేసి వచ్చిన బట్టల మూటలు, వాగు ఇసుక, రోడ్డు ఎర్ర దుమ్ము, బంగారం (అమ్మవార్లకు పెట్టే బెల్లం) ప్రసాదం పెచ్చులు, పసుపు కుంకుమ. మా మెషిన్‌కు ఇంతకంటే పెద్ద పరీక్ష ఏ షాపులోనూ దొరకదు.

పసుపు, కుంకుమ జంపఖానా మీద పడితే ముందు గుడ్డ పెట్టొద్దు, చేత్తో దులపొద్దు. రుద్దితే పోగులోకి ఎక్కుతుంది. గొట్టం మూతి పెట్టకుండా ఉత్త పైపును నూలుకు ఆనకుండా, వేలు మందం పైన పట్టుకుని నడిపాను. పొడి మొత్తం లేచిపోయింది, మరక చాలా లేతగా మిగిలింది. బెల్లం వేరే సంగతి. మెత్తగా ఉన్న బెల్లాన్ని లాగితే పైపు లోపల అంటుకుని, దాని మీద దుమ్ము పేరుకుంటుంది. చెంచా వెనక అంచుతో గీరి తీసి, పిండిన తడి గుడ్డ అద్ది, ఆరాక లాగాను. తడి మూటల కింద ఉన్న ఇసుకను కూడా ఆరేదాకా ముట్టలేదు. ఇది పొడి మెషిన్, తడి పోతే మోటారు, సంచి రెండూ పాడవుతాయి.

వాళ్లు వెళ్లిపోయిన రోజు జంపఖానా తిరగేసి అడుగు భాగం లాగి, కింద బండ లాగి, సన్నమూతి పెట్టి బండల సందులు లాగాను. ఆ తర్వాతే తడి గుడ్డ. ఇన్నాళ్లూ ఊడ్చిన వెంటనే తుడిస్తే సందుల్లోని దుమ్ము బురదై అక్కడే గట్టిపడేది. ఇప్పుడు బకెట్ నీళ్లు రెండో గదికి కూడా లేత రంగులోనే ఉన్నాయి.

సంచి సగం కూడా నిండకముందే లాగుడు తగ్గింది. విప్పి చూస్తే లోపల ఎర్రటి సన్న దుమ్ము గోడలకు పూతలా పట్టి ఉంది. గాలి బయటికి పోవాల్సిన సంచి రంధ్రాలు మూసుకుపోయాయి. నిండిందా లేదా అని కాదు, లాగుడు తగ్గిందా లేదా అని చూసి సంచి మార్చాలి. ఎనుమాముల రోడ్డు మీది ఇళ్లకు ఈ ఖర్చు కొంచెం ఎక్కువే పడుతుంది.

తివాచీ దగ్గర

ఉన్ని తివాచీకి ఒక ఆదివారం పూర్తిగా ఇచ్చాం. పైనుంచే మొదలుపెట్టకుండా బోర్లా పడేసి, వెనక నుంచి లాగుతూ చేత్తో తట్టాం. ఎత్తి చూస్తే కింద పరిచిన పాత చీర మీద ఇసుక. బొచ్చు మొదట్లో కూర్చున్న ఇసుక పైనుంచి లాగితే తేలిగ్గా రాదు. అడుగు పడినప్పుడల్లా ఉన్ని పోగును మొదట్లోనే కోస్తుంది. వెనక నుంచి తట్టి దాన్ని కదిలించాక, తిరగేసి టర్బో బ్రష్ పెట్టాను. బొచ్చు వాలిన వైపుకు, నెమ్మదిగా. తొందరగా నడిపితే బ్రష్ బొచ్చు లేపుతుంది కానీ గాలికి దుమ్మును అందుకునే వ్యవధి ఉండదు. కుచ్చులకు జానెడు దూరంలోనే ఆపి, అక్కడి నుంచి ఉత్త మూతితో చేశాను.

బీరువా కింద ఉన్న మూలలో అరచేయంత చోట బొచ్చు పలచగా కనిపించింది. దగ్గరికి వంగి చూస్తే బియ్యపు గింజ సైజులో, ఉన్ని రంగులోనే ఉన్న సన్న గొట్టాలు అంటుకుని ఉన్నాయి. ఉన్ని తినే పురుగు గూళ్లవి. చీకటి, కదలిక లేని చోటే దానికి ఇష్టం. నూలు జంపఖానాల జోలికి అది రాదు, ఉన్నిని వదలదు. సన్నమూతితో ఆ మూలంతా, వెనక కూడా లాగి, సంచిని వెంటనే తీసి బయట పారేశాం. గుడ్లు సంచిలో ఉండిపోతే మళ్లీ బయటికి రావచ్చు. బీరువా జరిపేశాం. తివాచీని నెలకోసారి తిప్పి వేయాలని గోడ క్యాలెండర్ మీద రాసుకున్నాం.

ఇప్పటి పద్ధతి

పనికి వచ్చే అక్కకు మొదట్లో మెషిన్ అంటే జంకు. ఇప్పుడు ఆమే నడుపుతుంది. వంగి ఊడ్చే పని తగ్గింది, నడుం నొప్పి తగ్గిందని చెబుతోంది. బండలు, టైల్స్ రోజు విడిచి రోజు. జంపఖానా పైభాగం వారానికి రెండు సార్లు, ఎత్తి కింద లాగడం ఆదివారం. వాకిలి, వంటిల్లు మాత్రం చీపురుతోనే. వాకిట్లో మట్టికి మెషిన్ ఎందుకు? అత్తమ్మ వాడే మందులు అవే, డాక్టర్ చెప్పినట్టే నడుస్తున్నాయి. ఇల్లు శుభ్రం చేసే వేళ ఆమె పక్క గదిలో టీవీ చూస్తూ కూర్చోగలుగుతోంది, బయటికి పోవడం లేదు.

ఇంకా మిగిలిన పని ఒకటి. మెషిన్ నడిపేటప్పుడు చిన్న జంపఖానాలు బండ మీద జారుతున్నాయి. కింద వేయడానికి రబ్బరు జాలీ ఒకటి తెచ్చాను. రబ్బరు ఎండాకాలంలో షాబాద్ బండకు అంటుకుని మరక పడుతుందేమోనని అన్నిటికీ వేయలేదు. మంచం కింద ఒక మూల బండ మీద చిన్న ముక్క పరిచి పైన బరువు పెట్టాను. మే నెల గడిచాక ఎత్తి చూసి, మరక లేకపోతే మిగతావాటికి కత్తిరిస్తాను.